కోడలు పలకని సరస్సు

బురుల్ ఆ ఇంటికి కోడలిగా వచ్చి తొమ్మిదేళ్లు. ఈ తొమ్మిదేళ్లలో ఆమె మామగారి పేరు ఒక్కసారే పలికింది. అదీ పెళ్లయిన రెండో నెలలో, నోరు జారి. వేసవి మేతకొండ మీద ఎవరిదో ఒంటెపిల్ల వచ్చి గుడారం తాడు కొరుకుతుంటే, "అయ్యో, తైలాక్ తాడు తెంపేస్తోంది" అంది. తైలాక్ అంటే రెండేళ్ల ఒంటెపిల్ల. మామగారి పేరు కూడా అదే. అత్తగారు చేతిలో ఉన్న గరిటెతో మూతి మీద ఒక్కటి ఇచ్చింది, గట్టిగా ఏం కాదు. మామగారు సగం తాగిన టీ కింద పెట్టి, ఒక్క మాట అనకుండా లేచి బయటికి వెళ్లిపోయాడు. గరిటె దెబ్బను బురుల్ ఆ సాయంత్రానికే మరిచిపోయింది. చల్లారిపోయిన ఆ సగం టీని, అత్తగారు చనిపోయిన తర్వాత కూడా మరిచిపోలేదు.

ఆ లోయలో ఇదేమీ వింత కాదు. భర్త తరఫు పెద్దల పేర్లు కోడళ్లు నోటితో అనరు. మామ పేరులో ఇనుము ఉంటే ఆ కోడలికి బతికినన్నాళ్లూ ఇనుము ఉండదు, 'నల్లటి గట్టిది' ఉంటుంది. అందరూ ఏదో ఒక మాట కల్పించుకుని నెట్టుకొస్తారు. బురుల్‌కు వచ్చిన చిక్కల్లా, ఆ పేరు ఒంటెపిల్లకే కాదు, ఒక సరస్సుకు కూడా ఉంది. వాళ్ల గుడారాలకు చాలా పైన, మంచుగడ్డ అంచున ఉన్న పెద్ద సరస్సు పేరు తైలాక్. ముసలి మామగారిని వాళ్లమ్మ ఒక వేసవిలో దాని ఒడ్డునే కని, ఆ పేరే పెట్టింది. పక్క లోయలో ఇంకో చిన్న సరస్సు ఉంది, దాని పేరు బోతో. బోతో అంటే ఇంకా పాలు తాగే ఒంటెపిల్ల. పాలు తాగే పిల్ల ఎదిగితే రెండేళ్లది అవుతుంది కదా అని, బురుల్ పెద్ద సరస్సును 'ఎదిగిన బోతో' అనడం మొదలుపెట్టింది.

ఇంట్లో అందరికీ అది అలవాటైపోయింది. ఆమె భర్త మెదేర్ కూడా పెళ్లాన్ని ఏడిపించడానికి అప్పుడప్పుడు అలాగే అనేవాడు. ఇక ముసలాయన సంగతి చెప్పనక్కర్లేదు. ఏ విందుకు వెళ్లినా మాంసం పళ్లెం ముందుకు రాగానే మాట అందుకునేవాడు. "నా కోడలు నిద్రలో కలవరించినా నా పేరు పలకదు" అని మీసం దువ్వుకునేవాడు. పక్కనున్న ముసలాళ్లు తమ కోడళ్ల వంక గుర్రుగా చూసేవాళ్లు. ఎనిమిది మంది పనిని ఒక్కతే చేసే మనిషిని పట్టుకుని, ఆమె చేయని ఒక్క పనిని పొగుడుతారేమిటని అడిగినవాళ్లు లేరు. బురుల్‌కు మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా కడుపు నిండేది. అది అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఆగస్టు చివర్లో లరీసా అనే ఆమె పరదేశంలోని ఓమ్స్క్ నుంచి వచ్చింది. యాభై ఏళ్లుంటాయి, బళ్లో భూగోళం చెప్పే టీచరు, ఒంటరిగా ఊళ్లు తిరుగుతోంది. మర్నాడు సరస్సు చూసి సాయంత్రానికి తిరిగి వచ్చేయాలంది. మెదేర్ పిండి బస్తాల కోసం, బండి టైరు కోసం పట్నం వెళ్లాడు. అందుకని ముసలాయనే దారి చూపడానికి బయలుదేరాడు. అరవై ఎనిమిదేళ్ల వయసులో మోకాళ్లు సణుగుతున్నా, మేకలా ఎక్కుతాడు. ఆడమనిషి ఒంటరిగా వచ్చింది కాబట్టి తోడుగా, అన్నం మూట మోయడానికి బురుల్ కూడా వెంట నడిచింది. వెళ్లేముందు పక్క శిబిరంలో వంట చేసే జపార్‌కు చెప్పి వచ్చారు. వాకీటాకీ జతలో ఒకటి అతని దగ్గరే ఉంటుంది, రెండోది బురుల్ సంచిలో పెట్టుకుంది. జపార్ ఎక్కడో దూరాన తలాస్ వైపు మనిషి, ఆ వేసవికే కొత్తగా వచ్చాడు.

"ఎక్కడికి?" అన్నాడు జపార్, ఉల్లిపాయలు తరుగుతూ.

"బోతో దాకా. పొద్దు వాలేలోపు వచ్చేస్తాం" అన్నాడు ముసలాయన.

దారి రెండుగా చీలే చోట, దేవదారు చెట్లు అయిపోయాక, లరీసా ఆగి నీళ్లు తాగింది. "తైలాక్ ఆతా, ఇంకా ఎంత దూరం?" అంది.

ఆమె అలా పేరు పెట్టి పిలిచినప్పుడల్లా బురుల్ చెవులు వేడెక్కేవి. పరాయి దేశపు మనిషికి ఏం తెలుస్తుంది, పోనీ చివర ఆతా అని తండ్రిని చేసింది కదా అని సరిపెట్టుకుంది.

"కుడి చేతివైపు గంటన్నర. ముసలమ్మలు కూడా నడుస్తారు" అన్నాడాయన.

"నేను ముసలమ్మలా కనిపిస్తున్నానా?"

"కనిపించడం లేదనే కదా చెబుతున్నా. ఎడమవైపు పైకి పోతే నాలుగు గంటలు. అక్కడ మంచుగడ్డ మీద చెయ్యి వేసి చూడొచ్చు. బోతో దగ్గర ఉన్నది మంచు కాదు, ఎవరో పారబోసిన పెరుగు."

"అయితే ఎడమకే పోదాం" అంది లరీసా.

"ఆతా, జపార్‌కి బోతో అని చెప్పొచ్చాం" అంది బురుల్.

"జపార్ ఏమన్నా మన మేనమామా, అడిగి వెళ్లడానికి? కావాలంటే పైన కనుమ మీద వాకీటాకీ పలుకుతుంది, అక్కణ్ణించి చెబుదువులే."

లరీసా బురుల్ వైపు తిరిగింది. "ఆ పై సరస్సు పేరేమిటమ్మా?"

"ఎదిగిన బోతో" అంది బురుల్.

ముసలాయన ఫక్కున నవ్వాడు. "ఆమెని అడక్కండి. తొమ్మిదేళ్లయింది, ఇంకా దాని పేరు నేర్చుకోలేదు. నా పేరే దాని పేరు."

"పలికితే ఏమవుతుంది?" అంది లరీసా.

"ఏమీ కాదు" అంది బురుల్. కాసేపు నడిచాక, "నోరు రాదు, అంతే" అంది.

ఎండ బాగా కాసింది. చెట్లు పోయాయి, గడ్డి పోయింది, రాళ్లు మాత్రం మిగిలాయి. ఒక మలుపులో నడుమెత్తున రాళ్ల కుప్ప ఉంది. ముసలాయన దాని మీద ఒక రాయి వేసి, అరచేతులతో మొహం తుడుచుకున్నాడు. ఇదేమిటని లరీసా అడిగింది.

"గొర్రెల కాపరి. మంచు తుపానులో కాసేపు కూర్చుంటానని కూర్చున్నాడు. నేను దొరకబుచ్చుకునేసరికి ఇంకా ఊపిరుంది. మంచులో నిద్రపోయేవాణ్ణి పేరు పెట్టి పిలవాలి టీచరుగారూ. నాన్నా, అన్నా, ఒరేయ్ అంటే పలకడు. ఆ మాటలు లోకంలో అందరివీ. పేరొక్కటే వాడిది. అది వినిపిస్తే సగం దారిలోంచైనా వెనక్కి తిరిగి చూస్తాడు. నేను ఇద్దర్ని అలా లేపాను."

"మరి ఇతను?"

"ఇతని పేరు నాకు తెలియదు" అన్నాడు ముసలాయన.

పన్నెండయ్యేసరికి సరస్సు చేరారు. కనుమ ఇంకా పైన ఉంది, జపార్‌కు చెప్పాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మజ్జిగలో నీలిమందు కలిపినట్టు చిక్కటి నీలం నీళ్లు. అవతలి ఒడ్డున మంచుగడ్డ కొండ మీంచి జారి, ముక్కు నీళ్లలో పెట్టి ఆగిపోయింది. ఇవతలి ఒడ్డున కూర్చుని రొట్టె, చల్లారిన గొర్రె మాంసం, కురుత్ అనే ఎండబెట్టిన ఉప్పటి పెరుగు ఉండలు తిన్నారు. లరీసా కురుత్ ఉండ నోట్లో వేసుకుని మొహం వికారంగా పెట్టింది. ముసలాయన అది చూసి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. తన తల్లి తనను కన్న రాయి ఏదో చూపించాడు. నిరుడు చూపించిన రాయి వేరు. బురుల్ ఆ మాట పైకి అనలేదు.

తర్వాత ఒడ్డు చుట్టి మంచు మీదికి వెళ్లారు. తాడు బురుల్ సంచిలో చుట్టగానే ఉంది. పది అడుగులేగా, చెయ్యి వేసి వచ్చేయడమేగా అని ఎవరూ దాన్ని విప్పలేదు. పది అడుగులు యాభై అయ్యాయి. ఫొటో కోసం లరీసా పక్కకు జరిగింది. ఆమె నిలబడిన చోట మంచు రంగు తేడాగా ఉండటం ముసలాయన చూశాడు. "కదలకండి" అంటూ వెళ్లి, మోచెయ్యి పట్టి ఇవతలికి లాగాడు. ఆమె ఇవతలికి వచ్చింది. ఆయన వేసిన రెండో అడుగు కింద మంచు పెంకులా విరిగింది. ఒక చప్పుడు, ఆ తర్వాత ఆయన ఉన్న చోట టోపీ మాత్రం ఉంది.

బురుల్ బోర్లా పడుకుని నెర్రెలోకి తొంగి చూసింది. ఎండిన చేలో నెర్రెలా సన్నంగా, మనిషి పట్టేంత వెడల్పుతో, కిందికి పోయేకొద్దీ ఇరుకై నీలంగా ఉంది. నాలుగు నిలువుల లోతున ఆయన ఛాతీ దగ్గర ఇరుక్కుపోయి కనిపించాడు. పైనుంచి కరిగిన నీళ్లు భుజాల మీద కారుతున్నాయి.

"ఆతా!"

"అరవకు. బతికే ఉన్నా" అన్నాడు కింద నుంచి. గొంతు దగ్గరగా, కుండలోంచి వచ్చినట్టు వచ్చింది. "కాలు పోయింది. ఆ టీచరుకి ఏమన్నా అయిందా?"

"ఏం కాలేదు ఆతా."

"అయితే సరే. తాడు వదులు."

తాడు వదిలింది. ఒక చేత్తోనే చంకల కింద నుంచి ఆయన ముడి వేసుకునేసరికి పావుగంట పట్టింది. పైన ఇద్దరు ఆడవాళ్లూ మడమలు మంచులో దిగేసి లాగారు. తాడు కోసుకుని లరీసా చేతులకు రక్తాలు వచ్చాయి. ఆయన జానెడు కూడా కదల్లేదు. కింద నుంచి ఒక్కసారి పెట్టిన కేక విని ఇద్దరూ వదిలేశారు. బురుల్ తన సంచికి కట్టి ఉన్న మంచు గొడ్డలిని పిడి దాకా దిగ్గొట్టి తాడు దానికి కట్టింది. తన కోటు విప్పి కిందికి జారవిడిచింది. వాకీటాకీ తీసుకుని, లరీసాను నెర్రె అంచున కూర్చోబెట్టి, కనుమ మీదికి పరుగెత్తింది.

కనుమ ఎక్కడానికి ముప్పావు గంట పట్టింది. పెట్టె మీద ఎర్ర దీపం మినుకుమినుకుమంటోంది, చలికి బ్యాటరీ పడుకుంటోంది.

"జపార్, జపార్, వినిపిస్తోందా?"

గరగర, మళ్లీ గరగర. "చెప్పండి, ఎవరూ?"

"నేను, బురుల్ని. ఆతా మంచు నెర్రెలో పడ్డారు. బతికే ఉన్నారు. కాలు విరిగింది. మనుషులు కావాలి, తాళ్లు కావాలి, తొందరగా."

"ఎక్కడ?"

ఆమె నోటికి తెలిసిన దారి ఒక్కటే. తొమ్మిదేళ్లుగా రోజూ నడిచిన దారి. మాట ఆలోచించకుండానే ఆ దారిన పోయింది.

"ఎదిగిన బోతో దగ్గర. మంచు మీద."

గరగర. "...బోతో దగ్గరా? బోతో సరస్సా?"

"ఆఁ, ఎదిగిన..."

"సరే, సరే, తెలిసింది, బోతో. పొద్దున చెప్పారుగా. మెదేర్ ఇదిగో ఇప్పుడే బండి దిగుతున్నాడు. గుర్రాలేసుకుని అందరం వస్తాం. గంటన్నరలో మీ దగ్గరుంటాం, భయపడకు."

ఎర్ర దీపం ఆరిపోయింది. బురుల్ ఆ పెట్టెను గుండెకు హత్తుకుని, దేవుడా, గంటన్నర, అనుకుంది. కాళ్లలోకి సత్తువ వచ్చింది. దిగేటప్పుడు రెండుసార్లు పడింది, రెండుసార్లూ నవ్వుకుంటూ లేచింది. మెదేర్ కూడా వస్తున్నాడు. మెదేర్ వస్తే అన్నీ సర్దుకుంటాయి.

ఆమె వచ్చి నెర్రె మీదికి వంగేసరికి ఆయన గొంతు కాస్త మందంగా ఉంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"దొరికాడా?"

"దొరికాడు ఆతా. బయలుదేరుతున్నారు. గంటన్నరలో వస్తారట."

"గుర్రాలకి రెక్కలు మొలిచాయా?" అన్నాడు. "ఎంత తోలినా రెండున్నర గంటలు. గంటన్నరలో ఇక్కడికి ఎలా వస్తారు?"

బురుల్ నెర్రె మీదికి ఇంకా వంగింది.

"కోడలుపిల్లా. ఏమని చెప్పావు?"

"ఎప్పుడూ చెప్పేదే చెప్పాను."

"వాడు తిరిగి ఏమన్నాడు?"

ఆమెకు జపార్ గొంతు అప్పుడు వినిపించింది, ఇందాక వినిపించనంత స్పష్టంగా. తెలిసింది, బోతో. పొద్దున చెప్పారుగా. మెదేర్ బండి దిగేసరికి జపార్ అతనికి చెప్పేది కూడా ఆ ఒక్క మాటే. అది చెప్పింది తన పెళ్లాం నోరని, ఏ మాట వాడి ఉంటుందో ఆలోచించమని, కంగారులో ఎవరు గుర్తు చేస్తారు.

"బోతో అన్నాడు" అంది.

కింద నుంచి తిట్టు వచ్చింది. ఆయన ఆమెను తొమ్మిదేళ్లలో ఎన్నడూ తిట్టలేదు. "పేరు చెప్తే నీ నాలుక ఊడిపడేదా, గాడిదా? ఆ కొండ మీద నిన్ను ఎవరు చూశారు? నేను విన్నానా? కాకి విన్నదా? ఒక్క మాట. ఒక్క మాటకి చచ్చిపోవాలా నేను?"

బురుల్ నుదురు మంచుకు ఆనించి ఏడ్చింది. లరీసా పక్కన కూర్చుని, వాళ్లిద్దరూ తమ ఇంటి భాషలో మాట్లాడుకుంటుంటే అర్థం కాక, ఏమైంది ఏమైంది అని భుజం కుదుపుతోంది.

"మీరు టీ వదిలేసి వెళ్లిపోయారు ఆతా" అంది బురుల్ వెక్కుతూ.

"ఏ టీ?"

"కొత్తలో. నేను నోరు జారినప్పుడు. సగం టీ వదిలేసి, నా మొహం కూడా చూడకుండా వెళ్లిపోయారు."

కింద నుంచి దగ్గు వచ్చింది. దగ్గు కాదు, నవ్వు. "అదా. నవ్వు ఆపుకోలేక బయటికి పోయాను. కొత్త కోడలి ముందు మామ పగలబడి నవ్వితే ఏం మర్యాద? గుర్రాల వెనక నిలబడి కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాను. మీ అత్తయ్యకి కూడా తెలుసు."

అది నిజమో, ఆమె కోసం అప్పటికప్పుడు అల్లినదో బురుల్‌కు తెలియలేదు. ఇక ఎప్పటికీ తెలియదు. నిజమైతే ఇంకా ఘోరం అనుకుంది. ఒక నవ్వుకు భయపడి తొమ్మిదేళ్లు నోరు కట్టుకుంది.

"ఏడుపు ఆపు, పని చూడు" అన్నాడాయన, గొంతు మార్చి. "ముందు ఆ టీచర్ని మంచు మీంచి దింపు. అతిథిని పెట్టుకుని మనం ఇక్కడ చావకూడదు. సరస్సు ఒడ్డు నుంచి రాళ్ల గుర్తులున్నాయి, గుడ్డివాడు కూడా దిగుతాడు. దారి చీలిన చోట గుర్రాల అడుగులు ఎటు పోయాయో చూసి అరవమను. ఏమని అరవాలో చెప్పి పంపు. చెప్పగలవా?"

"నేను పరుగెత్తుతాను ఆతా. ఆవిడకన్నా తొందరగా దిగుతాను."

"తాడు ఎవరు చూస్తారు? మంచు కరిగి గొడ్డలి జారితే మళ్లీ కొట్టడం ఆవిడకి తెలుసా? నువ్వే ఉండు."

బురుల్ లరీసాను ఒడ్డు దాకా దింపింది. రాళ్ల గుర్తులు చూపించింది. వాళ్లు మనల్ని వెతుకుతూ బోతోకు పోయారు, ఇటు తిప్పండి అంది. లరీసా మొహం పాలిపోయింది. "తైలాక్ సరస్సు అని చెప్పాలి, అంతే కదా?" అంది. "అంతే" అంది బురుల్. ఎంత తేలిగ్గా అనేసింది. రాళ్ల మీద తడబడుతూ పోతున్న ఆమె ఎర్ర సంచి వైపు బురుల్ కాసేపు చూసి, వెనక్కి వచ్చింది.

మూడు దాటాక మబ్బు దిగింది. సగ్గుబియ్యంలాంటి మంచు గింజలు రాలడం మొదలైంది. బురుల్ నెర్రె అంచున సంచి మీద పడుకుని, తాడు మీద అరచెయ్యి వేసి ఉంచింది. ఆయన వణుకు తాడులోంచి చేతికి తెలుస్తోంది. అది ఉన్నంతసేపూ పర్వాలేదు. కొండ మనుషుల ఇంట్లో పెరిగింది కాబట్టి ఆమాత్రం ఆమెకు తెలుసు.

ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. బూడిద రంగు గుర్రానికి నాడాలు కొట్టించమన్నాడు. మెదేర్‌కు కోపం వస్తే ఎదురు చెప్పొద్దు, గంట తర్వాత చెప్పమన్నాడు. తను పుట్టిన రాయి ఏదో తనకూ తెలియదని ఒప్పుకున్నాడు. తర్వాత మాటల మధ్య ఖాళీలు పెరిగాయి. ఒక మాట మొదలుపెట్టి వేరే మాటతో ముగిస్తున్నాడు.

"కోడలుపిల్లా, నిద్ర వస్తోంది."

"వద్దు ఆతా. నిద్రపోకండి."

"పిలువు."

"ఆతా. ఆతా."

"అది కాదు. ఆతా అంటే ఎవరినో అనుకుంటా. పేరు పెట్టి పిలువు."

బురుల్ నోరు తెరిచింది. గాలి వచ్చింది, మాట రాలేదు. మళ్లీ తెరిచింది.

"రావడం లేదు ఆతా."

"ఇక్కడెవరూ లేరు. నేనూ, నువ్వూ, ఈ మంచూ. నేనే చెప్తున్నా కదా. నా పేరు, నా ఇష్టం."

"తై..." అంది బురుల్, మూతి మీద గరిటె పడినట్టు ఆగిపోయింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తన మీద తనకే అసహ్యం వేసింది. మనిషి చచ్చిపోతున్నాడు, ఇంకా నీకు సిగ్గా అని తిట్టుకుంది. తిట్టుకున్నా రాలేదు.

కింద నుంచి సన్నగా వచ్చింది. "సగం వచ్చింది. పర్లేదు. మిగతా సగం రేపు చెబుదువులే."

ఆ తర్వాత ఆమె ఆగకుండా మాట్లాడింది. మామూలుగా ఇంట్లో మాట్లాడే మాటలే. పిండి బస్తాలు వచ్చి ఉంటాయి ఆతా, రేపు నూనెలో బొర్సోక్ ముక్కలు వేస్తాను, మీకు ఇష్టమైనట్టు కాస్త మాడ్చి వేస్తాను. ఆతా, మంచు ఆగిపోయింది. ఆతా, అటు చివర వెలుతురు వస్తోంది. ఆయన ముందు ఊఁ అన్నాడు. తర్వాత ఊఁ కాని ఏదో చప్పుడు చేశాడు. తర్వాత అదీ లేదు.

ఆరు గంటల వేళ మబ్బు చిరిగి, పడమటి ఎండ సరస్సు మీద పడింది. బురుల్ అరచెయ్యి కింద తాడు నిశ్చలంగా ఉంది. ముందు ఆమెకు అది అర్థం కాలేదు, చెయ్యి తిమ్మిరెక్కిందేమో అనుకుంది. చెయ్యి మార్చింది. రెండో చేతికీ ఏమీ తెలియలేదు. తాడు లాగి చూసింది. బండకు కట్టిన తాడులా ఉంది.

"తైలాక్" అంది.

అంత తేలిగ్గా వచ్చింది. తొమ్మిదేళ్లుగా నోట్లోనే ఉన్నట్టు, తలుపు దగ్గర కూర్చున్నట్టు. తన గొంతులో ఆ పేరు ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడో మరిచిపోయింది. మాట పూర్తయ్యాక, క్షమించండి ఆతా, అని గొణిగింది. కిందికి చెవి పెట్టి విన్నది. నీటి చుక్కలు కూడా గడ్డకట్టినట్టున్నాయి.

"తైలాక్."

ఈసారి గట్టిగా. తర్వాత మోకాళ్ల మీద లేచి, రెండు చేతులూ అంచుకు ఆనించి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది. సరస్సు అవతలి రాతి గోడ ఆ పేరును పట్టుకుని తిరిగి ఇచ్చింది. ఆమె మళ్లీ అరిచింది. సగం దారిలో ఉన్నవాడు వెనక్కి తిరగాలి. ఎంత దూరం పోయాడో తెలియదు, గొంతు పోయినా సరే అరవాలి. ఒకప్పుడు మూతి మూసుకున్న సార్లన్నిటికీ బదులు అరుస్తున్నట్టు అరిచింది.

గుర్రాలు రాళ్ల గట్టు మీదికి వచ్చింది అప్పుడే. ఐదారుగురున్నారు. ముందు మెదేర్, తాళ్ల చుట్ట భుజాన వేసుకుని. వెనక జపార్, ఆ పక్కన పొరుగు గుడారం ముసలాయన ఒకరు. లరీసా దారి చీలే చోట వాళ్లకు ఎదురైంది. బోతో అంతా గాలించి, ఏమీ దొరక్క దిగుతున్నవాళ్లను ఎర్ర సంచి ఊపి ఆపిందట. అవన్నీ బురుల్‌కు తర్వాత తెలిశాయి.

ఆ ప్రాంతంలో చావు కబురు ఎవరూ ముఖాన చెప్పరు. నలుగురు పెద్దలు కూడి, దూరం నుంచి మాట మొదలుపెట్టి, ఆ సంగతీ ఈ సంగతీ చెప్పి, చివరికి కొడుకు చెవిన వేస్తారు. మెదేర్‌కు అలా జరగలేదు. తన భార్య తన తండ్రి పేరును కొండలకు వినిపించేలా అరుస్తుంటే విన్నాడు.

బురుల్ తల తిప్పి చూసింది. మెదేర్ గుర్రం ఆపేశాడు. భుజం మీది తాళ్ల చుట్ట జారి రాళ్ల మీద పడింది, దాన్ని తీసుకోలేదు. పొరుగు ముసలాయన, కోడలి నోట మామ పేరు వినకూడదన్నట్టు, అలవాటు కొద్దీ మొహం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత టోపీ తీసేశాడు.

మెదేర్ దిగి మంచు మీద నడిచి వచ్చి, ఆమె భుజం పట్టుకున్నాడు. "ఇక చాలు" అన్నాడు.

"పలకలేదు" అంది బురుల్, బొంగురుపోయిన గొంతుతో. "మిగతా సగం రేపు చెప్పమన్నారు. నేను ఇప్పుడే చెప్పాను, పలకలేదు."

అతని చెయ్యి విడిపించుకుని, మళ్లీ నెర్రె మీదికి వంగింది.